పసుపు గీత

జీపు కింద వెల్లకిలా పడుకున్న మనిషికి లోకమంతా కాళ్ళే. గురువారం సాయంత్రం ఐదున్నరకు షెడ్డు గుమ్మంలో రెండు జతల కాళ్ళు వచ్చి ఆగాయి. అరిగిన చెప్పులు తమ్ముడివి. మెరిసిపోతున్న తెల్ల బూట్లు ఎవరివో ఆమె పోల్చుకోలేదు. ఈ షెడ్డులోకి తెల్ల బూట్లతో వచ్చేవాడు పని చేయడానికి రాడని మాత్రం తెలుసు.

"అక్కా, ఒక్కసారి బయటికి రా."

"చెయ్యి ఖాళీ లేదు. అక్కణ్ణించే చెప్పు."

నిజంగానే ఖాళీ లేదు. స్టీరింగ్ రాడ్డు కొసను ఎడమచేత్తో ఎత్తి పట్టుకుని, కుడిచేతి వేళ్ళతో నట్టు ఎక్కిస్తోంది. చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో చూసుకునేదాకా ఆ నట్టును వేళ్ళతో ఎక్కించి వదిలేయడం ఆమె పద్ధతి. చూసుకున్నాక పానా వేసి బిగిస్తుంది. నట్టుకున్న గాడిలోంచి స్ప్లిట్ పిన్ను దూర్చి, దాని రెండు కాళ్ళూ చెరోవైపు వంచుతుంది. ఇక బండి ఎంత కుదిపినా నట్టు వెనక్కి తిరగదు. అన్నిటికంటే ఆఖరున సన్న కుంచెతో నట్టు మీదా బోల్టు కొస మీదా కలిపి ఒక పసుపు గీత గీస్తుంది. గీత తెగిందంటే నట్టు కదిలిందని లెక్క.

బిగింపు, పిన్ను, గీత. బస్సు డిపోలో పన్నెండేళ్ళుగా ఇదే వరస. అక్కడ ఆమెను గీతమ్మ అంటారు. అది ఆమె పేరు కాదు, గీతల వల్ల వచ్చింది. డ్రైవర్లు పొద్దున్నే వంగి చక్రాలకేసి చూస్తారు. గీతలు కలిసే ఉంటే ఇంకేమీ అడగకుండా బస్సెక్కుతారు.

పిన్నును ఏప్రన్ జేబులో వేసుకుని, కుంచెను పళ్ళ మధ్య కరిచిపట్టి, వీపుతో పాకుతూ బయటికి వచ్చింది.

తెల్ల బూట్లు మెయిన్ రోడ్డులో టైర్ల షాపున్న ఆయనవి. నలభై ఏళ్ళుంటాయి. నవ్వితే ముందు పళ్ళకంటే సెల్‌ఫోనే బయటికొస్తుంది. జీపు చుట్టూ తిరుగుతూ ఇనుప గొట్టాల పంజరాన్ని వేలితో కొట్టి చూస్తున్నాడు. బండి బోర్లా పడినా లోపలి మనుషులు నలగకుండా కాపాడే పంజరం అది. ప్రతి అతుకూ ఆమె చేసిందే. స్ప్రింగు కట్టలు పైకెత్తింది ఆమె. ఇంజిన్‌లోకి నీళ్ళు పోకుండా గాలి గొట్టాన్ని అద్దం పక్కనుంచి పైకప్పుదాకా తీసుకెళ్ళింది ఆమె. పాతబడిన బస్సులోంచి తెచ్చిన రెండు సీట్లను కోసి, కుదించి, ఇందులో కూర్చోబెట్టింది కూడా ఆమే. డిపో నుంచి వచ్చాక రోజుకు రెండు గంటలు, ఆదివారమైతే ఒక పూటంతా. ఇలా పద్నాలుగు నెలలు.

తమ్ముడు ప్లాస్టిక్ కవర్లోని కాగితం చాపాడు. కొండదారుల క్లబ్బు వాళ్ళ ఫారం. వచ్చే ఆదివారం కొండ మీది రాళ్ళదారిలో ఇంట్లో కట్టిన బండ్ల ప్రయాణం. జీపుకు అదే మొదటి దారి. నడిపేది ఆమె, పక్కన కూర్చునేది వాడు. మొదటి గొట్టం కోసిన రోజున అనుకున్న మాట అది.

చేతులు గుడ్డతో తుడుచుకుని చదివింది.

నడిపేవారు, అన్నచోట తమ్ముడి పేరు. పక్కసీటు, అన్నచోట టైర్ల షాపాయన పేరు. వాహనం కట్టినవారు, అన్నచోట మళ్ళీ టైర్ల షాపాయన పేరే.

రెండోసారి చదివింది. అక్షరాలు మారలేదు. కుంచెను నోట్లోంచి తీసింది.

"నేనెక్కడున్నాను ఇందులో?"

"తర్వాతి ట్రిప్పు నీదే అక్కా. ఇంకో మూడు నెలలకు మళ్ళీ ఉంది. ఈయన నాలుగు టైర్లిచ్చాడు, ముందు బంపర్‌కు విన్చి ఇచ్చాడు. బురదలో ఇరుక్కుంటే బండిని లాగేది ఆ విన్చే కదా. ఒక్కమాట అడిగితే కాదంటామా?"

"ఒక్కమాట అడగలేదు. సీటడిగాడు, పేరడిగాడు."

టైర్ల షాపాయన నవ్వాడు. "అక్కగారూ, పొరపాటుగా అనుకోకండి. ఫొటో మా షాపు బోర్డు మీద వేసుకోవాలి. ఆడమనిషి కట్టిందంటే జనం ఎక్కుతారా చెప్పండి? నలుగురు నాలుగు మాటలంటారు. మీ మంచికోరే..."

"నా వీపు పద్నాలుగు నెలలుగా ఈ నేల మీదుంది. మీ వీపు ఎక్కడుంది?"

"అక్కా!" అన్నాడు తమ్ముడు. "మన మధ్య పేర్లేంటి?"

"సరే, మన మధ్యే కదా. నీ పేరు కొట్టేసి నాది రాయి."

వాడు చెప్పుల వైపు చూసుకున్నాడు. "ఫారం నిన్ననే ఇచ్చేశాం. ఇది నకలు."

అంటే అడగడానికి రాలేదు. చెప్పి పోవడానికి వచ్చారు. అది అర్థమయ్యేసరికి ఆమె చెవులు వేడెక్కాయి. గట్టిగా అరవాలనుకుంది. కానీ తెల్ల బూట్ల ముందు అరిస్తే రేపు అదీ ఒక కథవుతుంది. కాగితాన్ని తమ్ముడి ఛాతీకి కొట్టినట్టు ఇచ్చేసి, మళ్ళీ జీపు కిందికి జరిగిపోయింది.

కోపమొస్తే ఆమె చేతులు ఆగవు, ఇంకా వేగం పుంజుకుంటాయి. కుంచె ముంచి గీత గీసింది. స్టీరింగ్‌కు రాళ్ళు తగలకుండా తనే కోసి చేసిన మందపాటి పలకను ఎత్తిపెట్టి నాలుగు బోల్టులూ ఒకదాని తర్వాత ఒకటి బిగించేసింది. పలక విప్పకుండానే గీతను చూసుకోవడానికి దానికి బొటనవేలు పట్టేంత రంధ్రం పెట్టింది. అందులోంచి గీత నిగనిగలాడుతూ కనిపించింది. వెనక స్ప్రింగుల దగ్గర ఇంకో ఆరు నట్లు మిగిలి ఉన్నాయి. వాటి పని కూడా అదే ఊపులో కానిచ్చింది. కాళ్ళు వెళ్ళిపోయిన చప్పుడు వినబడింది. తెల్ల బూట్లాయన ఏదో అన్నాడు, తమ్ముడు నవ్వాడు.

ఆ నవ్వు తప్ప ఆ సాయంత్రం ఆమెకు ఇంకేమీ గుర్తు లేదు.

*

శుక్రవారం మధ్యాహ్నం డిపోలో పెయింటర్ తన ఫోను తెచ్చి ఆమె ముఖం ముందు పెట్టాడు.

"గీతమ్మా, ఇది మీ జీపే కదూ?"

జీపే. దాని ముందు టైర్ల షాపాయన. ఒక చేయి బానెట్ మీద, ఇంకో చేతిలో వెల్డింగ్ మాస్కు. 'నెలల తరబడి నిద్ర మాని, నా ఈ రెండు చేతులతో కట్టిన బండి' అని కింద రాసి ఉంది. మాస్కు ఆమెదే. పట్టీ తెగితే సైకిల్ ట్యూబు ముక్కతో కట్టుకుంది. ఆ ముడి ఫొటోలో స్పష్టంగా కనబడుతోంది.

"మాస్కు తలకిందులుగా పట్టుకున్నాడు చూడండి," అన్నాడు పెయింటర్. "ఆ అద్దంలోంచి ఆయనకు సొంత గడ్డం కనబడుతుందేమో!"

పక్కనున్న ఇద్దరు పకపకా నవ్వారు. ఆమె నవ్వలేదు.

"సొమ్మొకడిది, సోకొకడిది," అన్నాడు పెయింటర్, ఆమె ముఖం చూసి గొంతు తగ్గించి. "మీరూరుకున్నారా?"

"ఊరుకోక? పోయి ఆయన చేతులు కొలవమంటావా?"

"మీ తమ్ముడేమన్నాడు?"

ఆమె గ్రైండర్ ఆన్ చేసింది. నిప్పురవ్వలు లేచాయి. అరగంటలో అయ్యే బస్సు మెట్టు పని పావుగంటలో అయిపోయింది. చేతికి ఇంకో పని కావాలి. ఫొటో కింద నూట ఎనభై మంది మెచ్చుకున్నారని పెయింటర్ చెప్పాడు. ఒకాయనైతే 'వెల్డింగ్ చూస్తే కళ్ళు చెదిరాయి, మీ చేతికి దండం' అని రాశాడట. ఆ దండం ఎవరికి చేరాలో ఆ పెద్దమనిషికి ఎవరు చెప్తారు?

ఇంటికి వెళ్ళేసరికి తమ్ముడు లేడు. ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. పదకొండోసారికి ఎత్తి, "అక్కా, షాపులో ఉన్నా, తర్వాత మాట్లాడతా," అని పెట్టేశాడు. వెనకాల ఎవరో, "మళ్ళీ మీ అక్కేనా?" అనడం మాత్రం వినబడింది.

*

శనివారం పొద్దున వాడు జీపు తీసుకెళ్ళడానికి వచ్చాడు. స్టిక్కర్లు వేయించాలట. ఆమె డిపోకు సెలవు పెట్టి షెడ్డు గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుంది.

"లే అక్కా."

"ఆ ఫొటో చూశావా?"

"చూశాను. ఆయన కాస్త ఎక్కువ చేశాడు. మాట్లాడతాలే."

"నా మాస్కు ఎవరిచ్చారు ఆయనకి?"

వాడు తల గోక్కున్నాడు. "అడిగాడు... ఊరికే ఫొటోకే కదా అని..."

"నీకు జ్వరం వచ్చిన పదిహేను రోజులూ ఈ పంజరం ఎవరెత్తి నిలబెట్టారు? ఒంటిదాన్ని, జాకీ మీద పెట్టి, అంగుళం అంగుళం. అప్పుడు అడగలేదే ఈయన, మాస్కు ఇవ్వమ్మా, ఓ చెయ్యేస్తానని?"

"అయితే ఇప్పుడేమంటావు? టైర్లు విప్పేసి తిరిగిచ్చెయ్యనా? ఇటుకల మీద నడుపుతావా?"

"ఇటుకల మీదైనా నిలబడుతుంది. అబద్ధం మీద నిలబెట్టావు కదా."

"అబ్బ! పెద్ద సత్యహరిశ్చంద్రురాలు!"

వంటింటి కిటికీలోంచి అమ్మ తల బయటపెట్టింది. "ఒరేయ్, కాస్త మెల్లగా. వీధంతా టికెట్ లేకుండా చూస్తోంది."

"నువ్వైనా చెప్పమ్మా దీనికి."

"ఏం చెప్పనురా? నీ అంత సిగ్గులేనివాణ్ణి కన్నాక నాకు మాట్లాడే ముఖముందా? నిన్ను తిట్టడానికి అసలు హక్కు నాది. మీ అక్క నాకు వంతు ఇవ్వట్లేదు కాబట్టి ఆగాను."

తమ్ముడు జీపు ఎక్కాడు. ఆమె స్టూలు జరపలేదు. వాడు ఇంజిన్ ఆన్ చేసి హారన్ కొట్టాడు. సొంత అక్కను పక్కకు తప్పుకోమని, ఆమె తీగెలు లాగి బిగించిన హారనే కొట్టాడు. ఆమె లేచింది. స్టూలు చేత్తో పట్టుకుని గోడకు ఆనుకుంది. జీపు ఆమె ముందునుంచి మెల్లగా వెళ్ళింది. మలుపు దగ్గర స్టీరింగ్ చక్కగా తిరిగింది. అది చూసి కూడా ఆమెకు ఒళ్ళు మండింది. అంత చక్కగా తిరగాలా వాడి చేతుల్లో?

"మొదటి మలుపులోనే ఆగిపోవాలి," అంది పళ్ళు నూరుతూ. "అందరి ముందూ కొండ మీద దిక్కులేకుండా నిలబడాలి ఇద్దరూ."

"నోటితో అనకు," అంది అమ్మ కిటికీలోంచి.

"అంటాను. నా చెయ్యి ఇంక ఆ బండి మీద పడదు. ఒట్టు."

"అలిగి మానేసేదానివి పని మానెయ్. తిండి మానకు. రా, చల్లారిపోతోంది."

మధ్యాహ్నమంతా ఆమె షెడ్డు ఊడ్చింది. వెల్డింగ్ ఎలక్ట్రోడ్ ముక్కలు ఏరి డబ్బాలో వేసింది. పానాలను సైజుల వారీగా గోడకు తగిలించింది. జీపు నిలిచిన చోట నూనె మరక ఒకటి మిగిలింది. దాని మీద రంపపు పొట్టు పోసి, కాలితో రుద్దింది. పద్నాలుగు నెలల తర్వాత ఆ షెడ్డు ఎంత పెద్దదో తెలిసొచ్చింది.

*

ఆదివారం ఎనిమిది గంటలకు ఆమె పళ్ళు తోముకుంటుంటే అమ్మ ఉతికి ఆరేసిన ఏప్రన్ తెచ్చి కుర్చీ మీద వేసింది.

"నీకెన్నిసార్లు చెప్పాలి, జేబులు చూసి ఉతకడానికి వేయమని? మొన్న ఇనప ముక్కొకటి గుచ్చుకుంది వేలికి. కిటికీలో పెట్టాను. పారేయనా, పనికొస్తుందా?"

ఆమె కిటికీలోకి చూసింది. సబ్బుముక్క పక్కన, స్టీలు గిన్నెలో, స్ప్లిట్ పిన్ను. కొత్తది. రెండు కాళ్ళూ కలిసే ఉన్నాయి. ఎక్కడా వంచిన ఆనవాలు లేదు.

నోట్లోని నురగ అలాగే ఉండిపోయింది.

గురువారం. ఎడమచేత్తో రాడ్డు. వేళ్ళతో నట్టు. పిన్ను జేబులో. కుంచె పళ్ళ మధ్య. బయటికి వచ్చింది. కాగితం చదివింది. మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఆ తర్వాత? పానా ఎప్పుడు పట్టుకుంది? పట్టుకున్నట్టు చెయ్యి చెప్పడం లేదు. కుంచె పట్టుకుంది, గీత గీసింది. పలక మూసేసింది.

బిగింపు లేదు, పిన్ను లేదు. గీత ఉంది.

"ఏమైందే? ముఖమలా పెట్టావు?"

"అమ్మా, వాడికి ఫోన్ చెయ్యి. నీ ఫోన్లోంచి. బండి కదపొద్దని చెప్పు."

అమ్మ చేసింది. ఎత్తలేదు. ఆమె చేసింది. ఎత్తలేదు. టైర్ల షాపు నంబరు బోర్డు మీద చూసిన గుర్తుంది కానీ అంకెలు గుర్తులేవు. చివరి రెండూ మాత్రం తెలుసు. చివరి రెండంకెలతో ఎవరికి ఫోన్ చేస్తారు?

ముఖం తుడుచుకోలేదు. పిన్ను, పానా, ప్లయరు, పసుపు రంగు డబ్బా, థిన్నర్ సీసా సంచిలో వేసుకుని స్కూటర్ తీసింది.

కొండ కింద పాత కంకర క్వారీ పద్నాలుగు కిలోమీటర్లు. బండ్లు తొమ్మిదింటికి కదులుతాయి. దారి పొడుగునా ఆమె తమ్ముణ్ణి తిడుతూనే ఉంది. ఫోన్ ఎత్తనందుకు, ఫారం నింపినందుకు, నవ్వినందుకు, మాస్కు ఇచ్చినందుకు. తిట్టడం ఆపితే, నిన్న తన నోటితో అన్న మాట వినబడుతోంది. మొదటి మలుపులోనే. ఆ మలుపు ఆమె చూసింది. కుడివైపు కొండ, ఎడమవైపు ఏమీ లేదు. ఎక్కేటప్పుడు నట్టు ఊడితే చక్రాలు స్టీరింగ్ మాట వినవు. బండి పక్కన నిండా అడుగు జాగా కూడా మిగలదక్కడ.

క్వారీలో తొమ్మిది బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. వాళ్ళది నాలుగోది. ఇంజిన్ నడుస్తోంది. తమ్ముడు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. పక్కసీట్లో టైర్ల షాపాయన ఫోను పైకెత్తి తన ముఖాన్నే తీసుకుంటున్నాడు. డాష్‌బోర్డు మీద అరచేయంత స్టిక్కరు, ఆయన షాపు పేరు, దాని కింద 'నిర్మాణం' అని ఆయన పేరు.

స్కూటర్ స్టాండు కూడా వేయకుండా పడేసి, జీపు ముందుకు వచ్చి నిలబడింది.

"దిగు."

"అక్కా, ఇప్పుడు కాదు. దండం పెడతాను. ఇంటికొచ్చాక ఎంత తిడతావో తిట్టు."

"ఇంజిన్ ఆపు. స్టీరింగ్ నట్టు బిగించలేదు."

"వచ్చేసింది!" అన్నాడు టైర్ల షాపాయన పక్కబండి వాళ్ళకు వినబడేలా. "నేను చెప్పలా? సీటివ్వలేదని ఆవిడకి కడుపుమంట. ఎలాగైనా చెడగొట్టాలని వచ్చింది."

క్లబ్బు తరఫున బండ్లు పరీక్షించే పెద్దాయన వచ్చాడు. అరవై దాటిన మనిషి. పట్టపగలు కూడా చేతిలో టార్చిలైటు వదలడు కాబట్టి అందరూ టార్చి తాత అంటారు.

"ఏంటమ్మా గొడవ?"

"స్టీరింగ్ రాడ్డు నట్టు వేళ్ళతో ఎక్కించి ఉంది తాతా, బిగించలేదు. పిన్ను లేదు."

"నేను చూశానే! పలక రంధ్రంలోంచి లైటేసి చూశాను. గీత కలిసే ఉంది." ఆయన కనుబొమలు ముడిచాడు. "డిపో బస్సుల మీద చూసిన గీతల్లానే ఉన్నాయి. ఎవరివని అడిగితే, ఈయన తనవేనన్నాడు."

ఆమె టైర్ల షాపాయన వైపు చూసింది. ఫారం, సీటు, మాస్కు, ఫొటో. అన్నీ తీసుకున్నాడు. చివరికి గీతలు కూడానా! ఒక్క క్షణం ఆమెకు నోరు మూసుకుని వెనక్కి తిరిగి వెళ్ళిపోవాలనిపించింది. ఆయనవే కదా గీతలు. ఆయనే అనుభవించనీ.

కానీ స్టీరింగ్ ముందున్న వెధవ తన తమ్ముడు. వాడు నల్లకళ్ళద్దాలు తీసేశాడు. చిన్నప్పుడు మెట్ల మీంచి పడబోతూ ఇలాగే చూసేవాడు.

"ఆ గీత అబద్ధం, తాతా," అంది. డిపోలో పన్నెండేళ్ళలో ఆమె గీత గురించి ఎవరూ అనని మాట అది. "నేను గీశాను. బిగించకుండా గీశాను."

"గీసింది మీరని ఎవరన్నారు?" అన్నాడు టైర్ల షాపాయన. "ప్రతి నట్టూ నేనే దగ్గరుండి..."

ఆమె ఇక వినలేదు. కంకర మీద వెల్లకిలా పడుకుని జీపు కిందికి జరిగింది. తొమ్మిది బండ్ల జనం చుట్టూ మూగారు. మళ్ళీ లోకమంతా కాళ్ళయిపోయింది. తెల్ల బూట్లు దిగి వచ్చి అన్నిటికంటే ముందు నిలబడ్డాయి. పలక బోల్టులు నాలుగూ విప్పింది. పలక ఛాతీ మీద పడింది. పక్కకు నెట్టింది.

"తాతా, వంగి చూడు. లైటెయ్."

టార్చి వెలుగు పడింది. నట్టు మీద గీత నిటారుగా, శుభ్రంగా ఉంది. ఆమె రెండు వేళ్ళు పెట్టింది. బొటనవేలు, చూపుడువేలు. తిప్పింది. పానా లేదు, బలం లేదు. సీసా మూత తిరిగినట్టు తిరిగింది. గీత రెండుగా విడిపోయింది. ఇంకో నాలుగు చుట్లకు నట్టు ఊడి ఆమె అరచేతిలో పడింది.

తమ్ముడు ఇంజిన్ ఆపిన చప్పుడు వినబడింది.

"మొదటి మలుపు దగ్గర..." అని టార్చి తాత ఏదో అనబోయి లైటు ఆర్పేశాడు.

వెంటనే నోరు తెరిచింది తెల్ల బూట్లే. "చూడండి, నాకేం సంబంధం లేదు! నేను టైర్లిచ్చాను అంతే. స్టీరింగ్ జోలికి నేను పోనేలేదు. ఈ బండి మొత్తం కట్టింది ఈవిడే. అడగండి, వీధి వీధంతా తెలుసు!"

పక్కబండి దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె జీపు కింద పడుకుని ఆ మాట విన్నది. పద్నాలుగు నెలల్లో ఆయన ఆమె గురించి చెప్పిన మొదటి నిజం అదే.

బయటికి వచ్చేసరికి టార్చి తాత ఫారం తెచ్చి బానెట్ మీద పరిచాడు. "కట్టినవారు, అన్నచోట మీ పేరుంది," అన్నాడు టైర్ల షాపాయనతో. "ఇప్పుడు కాదంటున్నారు. లోపం రాయాలంటే, ఎవరి చేతి లోపమో కూడా రాయాలి. మా పద్ధతి అది. సంతకం పెడతారా?"

"నాదెందుకండీ? ఆవిడది రాసుకోండి!"

తాత ఆయన పేరు మీద అడ్డంగా గీత కొట్టి పెన్ను ఆమెకిచ్చాడు. వేళ్ళకు కంకర పొడి, గ్రీజు. ప్యాంటుకు రుద్దుకుని పెన్ను పట్టుకుంది. కట్టినవారు, అన్నచోట తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసింది. లోపం, అన్నచోట ఇలా రాసింది: 'స్టీరింగ్ నట్టు బిగించలేదు. పిన్ను వేయలేదు. అయినా గీత గీశాను.' ఒక్క చేతిరాతలోనే రెండూ. టైర్ల షాపాయన అప్పటికే ఏడో నంబరు బండి వాళ్ళతో పక్కసీటు గురించి మాట్లాడుతున్నాడు.

టార్చి తాత చదివి, తల ఊపాడు. "అరగంట టైమిస్తానమ్మా. బిగించి, పిన్ను వేసి చూపించు. వరసలో ఆఖరున పంపిస్తాను."

తమ్ముడు ఆత్రంగా దగ్గరికొచ్చాడు. ముఖంలో రక్తం లేదు. "అక్కా, నువ్వే నడుపు. సీటు ఖాళీయే. నీ పేరు కూడా వచ్చేసింది. నేను పక్కన కూర్చుంటా, నోరెత్తను."

ఆమె కొండ వైపు చూసింది. మొదటి బండి అప్పుడే కదిలింది. ఎర్రమట్టి లేస్తోంది. ఆ రాళ్ళ మీద ఈ స్ప్రింగులు ఎలా వంగుతాయో, పంజరం ఎలా కిర్రుమంటుందో పద్నాలుగు నెలలుగా జీపు కింద పడుకుని ఊహించుకుంది. ఇప్పుడు తాళం చెవి వాడి చేతిలో, వాడి చెయ్యి ఆమె ముందు.

"లేదు తాతా," అంది. "బండి వెనక్కి తీసుకుంటున్నాను. గురువారం సాయంత్రం ఏడు నట్లు చేశాను. ఒకటి ఇలా ఉంది. మిగతా ఆరూ ఎలా చేశానో నాకు గుర్తు లేదు. అరగంటలో చూసే పని కాదు."

"పిచ్చా నీకు?" అన్నాడు తమ్ముడు. "గీతలన్నీ కలిసే ఉన్నాయి కదా!"

ఆమె అరచేతిలోని నట్టు వాడి ముందు పెట్టింది.

"బండి కట్టినవాళ్ళు తీసుకుంటామంటే నేను ఆపలేను," అన్నాడు టార్చి తాత. వెళ్తూ వెళ్తూ చేతిలోని టార్చిని బానెట్ మీద పెట్టాడు. "పని చూసుకోండి. సాయంత్రం దిగొచ్చాక తీసుకుంటాను."

బండ్లన్నీ వెళ్ళిపోయాయి. క్వారీలో దుమ్ము అణిగింది. ఆమె థిన్నర్ గుడ్డతో ఏడు గీతలూ తుడిచేసింది. స్టీరింగ్ నట్టు మళ్ళీ ఎక్కించి, ముందు చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో కొలిచింది, పానా వేసి బిగించింది. పిన్ను దూర్చి కాళ్ళు వంచింది. ఆ తర్వాత కుంచె ముంచింది. వెనక్కి పాకి, ఆరు నట్ల మీదా ఒక్కొక్కటిగా పానా వేసింది. తమ్ముడు కంకర మీద బోర్లా పడుకుని టార్చి పట్టాడు. చొక్కా అంతా మట్టి. పదకొండు దాటింది.

ఆరో నట్టు కూడా పానాకు చలించలేదు.

"చూశావా," అన్నాడు వాడు నీరసంగా. "ఆరూ బాగానే ఉన్నాయి. వెళ్ళి ఉండొచ్చు."

"అది ఇప్పుడు తెలిసింది."

వాడు టార్చిని ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. తర్వాత, "నువ్వు రాకపోతే," అన్నాడు.

"లైటు తిన్నగా పట్టు."

పనయ్యాక టార్చిని క్లబ్బు వాళ్ళ టేబుల్ మీద పెట్టింది. స్కూటర్ సాయంత్రం తీసుకెళ్ళవచ్చు. తాళం చెవి తీసుకుని స్టీరింగ్ ముందు కూర్చుంది. తను కోసి కుదించిన సీటు, తన ఎత్తుకు సరిగ్గా సరిపోయింది. ఎవరి ఎత్తుకు కోసిందో ఆమెకు ముందే తెలుసు. తమ్ముడు పక్కసీట్లో ఒదిగి కూర్చున్నాడు.

కొండను వెనక వదిలి జీపు తారురోడ్డెక్కింది. ఇరవై మీద పోనిచ్చింది. ఆటోలు హారన్ కొట్టుకుంటూ దాటిపోతున్నాయి. ఒక సైకిలాయన కూడా వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ దాటిపోయాడు.

"ఇంకా కోపంగా ఉన్నావా అక్కా?"

"ఉన్నాను. నీ మీదా, నా మీదా. నీ మీద ఎక్కువ."

వాడు తల వంచుకున్నాడు. కాసేపయ్యాక డాష్‌బోర్డు మీది స్టిక్కరును గోటితో గీకడం మొదలుపెట్టాడు. ఒక అక్షరం అంచు లేచి చిరిగింది. మిగతాది అలాగే అతుక్కుని ఉంది. మళ్ళీ గీకాడు. ఆమె రెండు కిలోమీటర్లు ఆ చప్పుడు భరించింది.

"గోటితో పోదది," అంది రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఇంటికెళ్ళాక థిన్నర్ ఇస్తాను. నువ్వే తుడవాలి."